ఏజెంట్లకి రాసే టూల్ వివరణలు బాగున్నాయో లేదో తేల్చుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్ళిలో మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడితే సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. ఈమధ్య ఆ మాటల్లో "మా ఏజెంట్ తప్పు టూల్ కాల్ చేస్తోంది అక్కా, మోడల్ మార్చేయమంటారా?" అన్నది ఎక్కువైంది. ఏజెంట్ అంటే మనం చెప్పిన పనిని ఏఐ మోడల్ చేత చేయించే ప్రోగ్రాం, టూల్ అంటే ఆ పనికోసం మోడల్ వాడుకునే ఫంక్షన్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇలా ఒకచోట రాసి పెట్టాను. ఉదాహరణలు దాదాపు అన్నీ బస్సు టికెట్లవే. శుక్రవారం సాయంత్రం రింగ్ రోడ్డు మీద బ్యాగు భుజాన వేసుకుని ఆంధ్రా బస్సు కోసం ఎదురుచూసినవాళ్ళకి ఇంతకంటే తెలిసిన విషయం ఉండదు కదా. టూల్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, కోడ్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి.

టూల్ వివరణ అంటే సరిగ్గా ఏది?

మోడల్ చేతికి ఒక ఫంక్షన్ ఇచ్చేటప్పుడు మూడు విషయాలు చెప్తాం: దాని పేరు, అది ఏం చేస్తుందో నాలుగు వాక్యాలు, దానికి ఏయే వివరాలు పంపాలో చెప్పే స్కీమా. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన ఏపీఐలో (వేరే ప్రోగ్రాములు దాని మోడల్‌ని వాడుకునే దారి) ఫంక్షన్ కాలింగ్ తెచ్చినప్పుడు ఇవే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ తెచ్చినప్పుడూ ఇవే. ఏజెంట్లకి టూల్స్ అందించే ఉమ్మడి పద్ధతి ఇది, మనవాళ్ళందరూ ఎంసీపీ అంటున్నది దీన్నే.

వెనకాల మీ కోడ్ ఎంత బాగున్నా మోడల్‌కి కనపడదు. దానికి కనపడేది ఆ మాటలే. అందుకే ఈ పేజీలో నేను వివరణ అన్నప్పుడల్లా టూల్ పేరు, పారామీటర్ల (టూల్‌కి పంపాల్సిన వివరాల) పేర్లు, వాటి పక్కన రాసిన మాటలు, తప్పు జరిగితే వెనక్కి పంపే ఎర్రర్ మెసేజ్, అన్నీ కలిపే అంటున్నానని అనుకోండి.

ఏపీఐ డాక్యుమెంటేషన్ ఎలాగూ ఉంది. దాన్నే అతికిస్తే సరిపోదా?

సరిపోదు. డాక్యుమెంటేషన్ చదివే మనిషి ఒకసారి చదువుతాడు, ఒకసారి తప్పు చేస్తాడు, పక్క సీట్లో వాళ్ళని అడుగుతాడు, ఇక జన్మలో మర్చిపోడు. ఏజెంట్‌కి ఆ పక్క సీటు లేదు. ప్రతి కొత్త సంభాషణలోనూ అది ఇవాళే ఉద్యోగంలో చేరిన ఫ్రెషర్ లాంటిదే.

ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ రేజర్‌పేలో ఆర్డర్ మొత్తం రూపాయల్లో కాదు, పైసల్లో పంపాలి. 299 రూపాయలకి 29900 అని రాయాలి. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో ఇది స్పష్టంగానే ఉంది, ఒకసారి వాడినవాళ్ళెవరూ మర్చిపోరు. అలాంటి ఏపీఐ మీద మీరు ఒక టూల్ కట్టి, పారామీటర్‌కి 'అమౌంట్' అని పేరు పెట్టి, పక్కన 'చెల్లించాల్సిన మొత్తం' అని మాత్రమే రాశారనుకోండి. మోడల్ 299 పంపితే తప్పు దానిదా? చదివితే ఎవరికైనా అదే అర్థం అవుతుంది. పేరే 'అమౌంట్_ఇన్_పైసా' అని పెడితే వివరణలో ఇంకో వాక్యం కూడా అక్కర్లేదు.

పైగా డాక్యుమెంటేషన్‌లో ఆథరైజేషన్ హెడర్లు, ఎస్‌డీకే ఇన్‌స్టాల్ చేసే పద్ధతి, పాత వెర్షన్ నుంచి మారే విధానం వగైరా ఉంటాయి. ఏజెంట్‌కి అవన్నీ బరువే.

వివరణ చదివితే బాగుందో లేదో తెలిసిపోతుంది కదా?

రాసినవాళ్ళు చదివితే ఎప్పుడూ బాగానే ఉంటుంది. చదివి పట్టుకోగలిగే తప్పులు కొన్ని ఉన్నాయి, కాదనను. తేదీ ఏ రూపంలోనో చెప్పకపోవడం, రెండు టూల్స్‌కి దాదాపు ఒకే వాక్యం ఉండటం, 'డేటా', 'ఇన్‌ఫో', 'ప్రాసెస్' లాంటి ఏమీ చెప్పని పేర్లు.

వీటికోసం నేను ఒక చిన్న పని చేస్తాను. కోడ్ మూసేసి, వివరణలు మాత్రం ప్రింట్ తీసి, మా టీమ్‌తో సంబంధం లేని ఒకరికి ఇస్తాను. "రేపు రాత్రి బెజవాడకి బస్సు కావాలి. ఇందులో ఏది తీస్తారు, ఏ గడిలో ఏం రాస్తారు?" అని అడుగుతాను. వాళ్ళు నన్ను తిరిగి ఏ ప్రశ్న అడిగితే, దాని జవాబు వివరణలో లేనట్టే. పది నిమిషాల పని. కానీ ఇది మొదటి వడపోత మాత్రమే. అసలు సంగతి ఏజెంట్‌ని నడిపి చూస్తేనే తెలుస్తుంది.

మీకెప్పుడైనా దెబ్బ తగిలిందా?

తగలకపోతే ఈ పేజీ రాసేదాన్నే కాదు. పాత కంపెనీలో (పేరెందుకు లెండి) బస్సు టికెట్ల ఏజెంట్ ఒకటి కట్టాం. వెతికే టూల్ వివరణ ఇలా ఉండేది:

"సెర్చ్_బసెస్: రెండు ఊళ్ళ మధ్య బస్సులను వెతుకుతుంది. ఫ్రమ్, టు, డేట్."

చూడగానే తప్పేముంది అనిపిస్తుంది. డెమో రోజు మా మేనేజర్ గారు తనే టైప్ చేశారు: ఆదివారం రాత్రి పన్నెండున్నరకి బెజవాడ నుంచి బెంగళూరుకి బస్సు కావాలి అని. ఏజెంట్ బుద్ధిగా ఆదివారం తేదీ పంపింది. 12:30 బస్సు దొరికింది, సీట్ ఉంది, అందరం చప్పట్లు కొట్టబోతున్నాం. ప్రతి వారం గుంటూరు వెళ్ళొచ్చే ఫైనాన్స్ ఆయన ఒకరు వెనక కుర్చీలోంచి, "ఇది శనివారం రాత్రి బస్సు కదండీ?" అన్నారు.

నిజమే. మన నోట ఆదివారం రాత్రి పన్నెండున్నర అంటే క్యాలెండర్ అప్పటికే సోమవారంలోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఆదివారం తేదీ మీద ఉన్న 12:30 బస్సు శనివారం రాత్రి నిద్ర మానుకుని ఎక్కాల్సిన బస్సు. తెలుగువాళ్ళెవరికీ ఇది చెప్పక్కర్లేదు. మా డేటాబేస్‌కీ తెలుసు. మధ్యలో ఉన్న ఏజెంట్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సరే అని అప్పటికప్పుడు "సోమవారం తేదీ తీసుకో" అని ఏజెంట్‌కే టైప్ చేశారు. వెతకడం సరిగ్గానే జరిగింది. ఇప్పుడు సీట్ పట్టే టూల్ దగ్గర ఇంకో గొయ్యి. అది వేరే టీమ్ రాసింది, టైమ్‌ని యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ కాలమానం) అడుగుతుంది, ఆ మాట వివరణలో ఎక్కడా లేదు. మన టైమ్‌లో సోమవారం 00:30 అంటే యూటీసీలో ఆదివారం 19:00. మోడల్ 00:30 అనే పంపింది. అంటే మన లెక్కలో సోమవారం ఉదయం 6:00. ఆ టైమ్‌కి బస్సే లేదు కాబట్టి టూల్ 'ఇన్‌వాలిడ్ రిక్వెస్ట్' అని ఒక్క ముక్క వెనక్కి పంపింది. ఏజెంట్ అదే కాల్ మరో రెండుసార్లు చేసి, చివరికి "క్షమించండి, సీట్లు అయిపోయాయి" అని చెప్పేసింది. సీట్లు ఉన్నాయి.

ఆ సాయంత్రం మీటింగ్‌లో వినపడ్డ మొదటి మాట, "మోడల్ మార్చేద్దాం."

మరి ఆ వివరణని ఎలా మార్చారు?

రెండు రోజులు కుస్తీ పట్టాక వెతికే టూల్‌కి ఇది మిగిలింది:

"సెర్చ్_బసెస్: ఒక తేదీన బయలుదేరే బస్సుల జాబితా ఇస్తుంది. సీట్ పట్టదు, డబ్బు తీసుకోదు. దానికి హోల్డ్_సీట్ వాడాలి. ఫ్రమ్_సిటీ_ఐడీ, టు_సిటీ_ఐడీ: ఫైండ్_సిటీ ఇచ్చిన నంబర్లు మాత్రమే, ఊరి పేరు నేరుగా పంపకూడదు. ట్రావెల్_డేట్: బస్సు ఎక్కే చోటి క్యాలెండర్ తేదీ, భారత కాలమానంలో, 2025-08-18 రూపంలో. అర్ధరాత్రి దాటాక బయలుదేరే బస్సులు తర్వాతి తేదీ కింద ఉంటాయి. 'ఆదివారం రాత్రి 12:30' అంటే సోమవారం తేదీ పంపాలి. ఏ రాత్రో తేలకపోతే ముందు ప్రయాణికుడిని అడగాలి."

ఎర్రర్ మెసేజ్ కూడా మార్చాం. "సోమవారం ఉదయం 6:00కి ఈ రూట్‌లో బస్సు లేదు. టైమ్ యూటీసీలో పంపాలి. దగ్గరలో ఉన్న బస్సు భారత కాలమానంలో 00:30." ఇలా చెప్తే మోడల్ తనంతట తనే సరిదిద్దుకుంటుంది. తప్పు చేసినవాడికి 'తప్పు' అని మాత్రం చెప్పి పంపిస్తే ఏం నేర్చుకుంటాడు?

సరే, పద్ధతి ప్రకారం ఎలా పరీక్షించాలి?

ముందు ప్రశ్నలు పోగు చెయ్యండి. మీ బుర్రలోంచి కాదు, కస్టమర్ కేర్ చాట్‌లలోంచి, టికెట్లలోంచి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే వాడండి. మనం కూర్చుని కల్పిస్తే "విజయవాడ నుంచి బెంగళూరుకు 18వ తేదీ బస్సులు చూపించు" అని శుభ్రంగా రాస్తాం. జనం అలా రాయరు. బెజవాడ అంటారు, వైజాగ్ అంటారు. రాజమహేంద్రవరం అని టైప్ చేసేంత ఓపిక ఉన్నవాళ్ళని నేనింకా చూడలేదు, అందరికీ రాజమండ్రే. "ఎల్లుండి నైట్ స్లీపర్ ఉందా లోయర్ బెర్త్" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళే ఎక్కువ.

ప్రతి ప్రశ్నకీ పని అయ్యాక ఏం జరిగి ఉండాలో రాసి పెట్టుకోండి. ఏ టూల్ తర్వాత ఏ టూల్ కాల్ చేయాలన్నది కాదు. చివరికి డేటాబేస్‌లో ఫలానా బస్సులో ఫలానా సీట్ పట్టి ఉందా లేదా అన్నది. దారులు రెండు మూడు ఉండొచ్చు, చేరాల్సిన ఊరు ఒకటే. 2024లో సియెర్రా సంస్థ వాళ్ళు తెచ్చిన టావ్-బెంచ్ అనే ఏజెంట్ల పరీక్షలోనూ ఇదే పద్ధతి. విమాన టికెట్లు, రిటైల్ ఆర్డర్ల మీద ఏజెంట్‌ని నడిపి, చివర్లో డేటాబేస్ ఉండాల్సిన స్థితిలో ఉందో లేదో చూస్తారు.

ఏ టూలూ కాల్ చేయకూడని ప్రశ్నలు కూడా కలపండి. "బస్సులో కుక్కపిల్లని తీసుకెళ్ళొచ్చా?" అన్నదానికి బస్సులు వెతకడం మొదలుపెడితే అది తప్పే. తిరిగి అడగాల్సినవీ కలపండి: "ఊరికి టికెట్ బుక్ చెయ్" అంటే ఏ ఊరు? ఈ రెండు రకాలూ లేని పరీక్ష మీద నాకు నమ్మకం లేదు. ఎందుకంటే 'ఎప్పుడూ నన్నే వాడు' అన్నట్టు రాసిన వివరణకి కూడా అందులో ఫస్ట్ క్లాస్ మార్కులు వచ్చేస్తాయి.

తర్వాత, వివరణ తప్ప ఏదీ కదలకూడదు. మోడల్ అదే, సిస్టమ్ ప్రాంప్ట్ (సంభాషణకి ముందే మోడల్‌కి ఇచ్చే ఆదేశాలు) అదే, వెనక ఉన్న డేటా కూడా అదే, అది కూడా డమ్మీ డేటా. 'ఇవాళ' తేదీని కూడా ఒకచోట కట్టేయండి. లేకపోతే 'రేపు' అన్న ప్రశ్నకి జవాబు రోజూ మారిపోతుంది. మేం దీనివల్ల ఒక మంగళవారం మొత్తం పోగొట్టుకున్నాం.

ప్రశ్నల్లో కొన్నింటిని దాచి పెట్టండి. వివరణని దిద్దేటప్పుడు వాటిని ముట్టుకోకూడదు, చివర్లోనే నడపాలి. చూస్తూ చూస్తూ దిద్దితే ఆ ప్రశ్నలకే సరిపోయేట్టు రాసేస్తాం. పేపర్ లీకైన పరీక్షలో వచ్చిన మార్కులే అవి.

ఒక్కో ప్రశ్నని ఎన్నిసార్లు నడపాలి?

ఒక్కసారి నడిపి "పాస్" అనడం చాలామంది చేసే పొరపాటు. ఇదే ప్రశ్న, ఇదే వివరణ, రెండోసారి వేరే దారి పట్టొచ్చు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక పని పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా అవుతుందనుకుందాం. వినడానికి బాగుంది. అదే పని వరసగా ఎనిమిదిసార్లూ సరిగ్గా అయ్యే అవకాశం 0.9ని ఎనిమిదిసార్లు గుణిస్తే వచ్చేది, అంటే దాదాపు 43 శాతం. రోజూ వందలమంది వాడే చోట మీకు కావాల్సింది ఈ రెండో అంకె. టావ్-బెంచ్ వాళ్ళు దీనికి పాస్-హ్యాట్-కె అని ఒక కొలమానమే పెట్టారు. అప్పటి జీపీటీ-4ఓ లాంటి మోడళ్ళు కూడా రిటైల్ పనుల్లో ఎనిమిదికి ఎనిమిదిసార్లూ నెగ్గింది 25 శాతం కంటే తక్కువ పనుల్లోనే.

నేను మామూలుగా ఒక్కో ప్రశ్నని ఐదుసార్లు, డబ్బుకి సంబంధించినవి పదిసార్లు నడుపుతాను. దీనికి శాస్త్రం ఏమీ లేదు, మా బడ్జెట్ అంతే.

ఏమేం లెక్కపెట్టాలి?

పని అయిందా లేదా. సరైన టూల్ పట్టుకుందా. పారామీటర్లు సరిగ్గా నింపిందా. అనవసరంగా ఎన్నిసార్లు కాల్ చేసింది. ఎర్రర్ వస్తే కోలుకుందా. ఎన్ని టోకెన్లు (మోడల్ చదివే, రాసే మాటల ముక్కలు, బిల్లు వీటి లెక్కనే) ఖర్చయ్యాయి. వీటిని విడివిడిగా పెట్టుకోండి, ఒకే స్కోరుగా కలిపేస్తే ఎక్కడ నొప్పో తెలియదు. టూల్ ఎంపిక తప్పితే పేరూ మొదటి వాక్యమూ చూడాలి. ఎంపిక కరెక్టయ్యి విలువలు తప్పితే పారామీటర్ల మాటలు చూడాలి. ఒకే కాల్ మళ్ళీ మళ్ళీ చేస్తుంటే ఎర్రర్ మెసేజ్ చూడాలి.

అంకెల కంటే నేను ట్రేస్‌లని ఎక్కువ నమ్ముతాను. ఏజెంట్ ఏ అడుగులో ఏం పంపింది, ఏం తిరిగొచ్చింది అన్నది మొదటి నుంచి చివరి వరకూ కూర్చుని చదవడం. విసుగు పుట్టే పనే. కానీ అసలు విషయాలు బయటపడేది అక్కడే. ఆంత్రోపిక్ వాళ్ళు తమ వెబ్ సెర్చ్ టూల్ గురించి 2025లో ఒక విషయం రాశారు. వాళ్ళ మోడల్ క్లాడ్ తను వెతికే మాటల చివర అవసరం లేకున్నా '2025' అని తగిలిస్తోందని, దానివల్ల ఫలితాలు పాడవుతున్నాయని గమనించారట. వివరణ మార్చి దాన్ని సరిచేశారు. ఇలాంటిది ఏ స్కోరూ మీకు చెప్పదు, ట్రేస్ చదివితేనే కళ్ళబడుతుంది.

వాళ్ళే అంతకుముందు, 2024 డిసెంబరులో, ఇంకోటి చెప్పారు. కోడ్ రాసే ఏజెంట్ ఫోల్డర్ మారాక ఫైల్ దారుల్ని తప్పు ఇస్తోంటే, పూర్తి దారి మాత్రమే తీసుకునేట్టు టూల్‌ని మార్చేశారు. ఆ తప్పు ఇక రాలేదు. నాకు ఇది మొదటిదానికంటే నచ్చింది. 'జాగ్రత్త' అని పది వాక్యాలు రాయడం కంటే తప్పు చేసే వీలే లేకుండా చేయడం మేలు.

టూల్‌ని ఎప్పుడు వాడకూడదో కూడా రాయాలా?

రాయాలి, ముఖ్యంగా పక్కనే దాన్ని పోలిన టూల్ ఉంటే. 'సీట్ పట్టదు, డబ్బు తీసుకోదు' అన్న ఆ అరవాక్యం మాకు చాలా మేలు చేసింది.

వివరణ ఎంత పొడవుండాలి?

ఆంత్రోపిక్ డాక్యుమెంట్లలో ఒక్కో టూల్‌కి కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయమంటారు.  దానికి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. ప్రతి వాక్యం దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది తీసేస్తే ఏజెంట్ ఏదైనా తప్పు చేస్తుందా? తీసేసి పరీక్ష నడపండి. తేడా లేకపోతే ఆ వాక్యం పోవాల్సిందే. వివరణలన్నీ ప్రతి సంభాషణలోనూ మోడల్‌తో పాటు మోయాల్సిన బరువు, బిల్లు కట్టేది మీరే.

టూల్స్ ఎన్ని ఉండొచ్చు?

ఒకేసారి ఇరవై లోపు ఉంచుకోమని ఓపెన్‌ఏఐ గైడ్ సలహా. నేను చూసిన గొడవంతా ఎక్కడ వస్తుందంటే, ఉన్న ప్రతి ఏపీఐ ఎండ్‌పాయింట్‌నీ ఒక్కో టూల్‌గా మార్చేసి ఎంసీపీ సర్వర్ కట్టేశామనుకోవడంలో. గెట్_బస్, లిస్ట్_బసెస్, సెర్చ్_బసెస్, ఫెచ్_బస్_డీటెయిల్స్. నాలుగింటి మధ్య తేడా రాసినవాళ్ళకే గుర్తుండదు, మోడల్ ఎలా చెప్పగలదు? రెండు టూల్స్ తేడాని ఒక వాక్యంలో చెప్పలేకపోతే వాటిని కలిపేయండి.

వివరణలని ఏఐతోనే రాయించవచ్చా?

రాయించండి, కానీ ఊరికే "బాగా రాయి" అంటే పెళ్ళి శుభలేఖ రాసిస్తుంది: 'సమగ్రమైన, శక్తివంతమైన, మీ ప్రయాణ అవసరాలన్నింటికీ...' అలాంటి పొగడ్తలు ప్రమాదం కూడా. పక్క టూల్ పోటీలో ఉన్నప్పుడు 'ఇదే అత్యంత నమ్మదగినది' అన్న మాటకి మోడల్ పడిపోవచ్చు. ఫెయిలైన ట్రేస్‌లు నాలుగు ఇచ్చి, "ఈ తప్పులు ఎందుకు జరిగాయి, వివరణలో ఏ మాట ఉంటే జరిగేవి కావు?" అని అడగండి. అప్పుడు పనికొచ్చేది వస్తుంది. వచ్చినదాన్ని దాచిపెట్టిన ప్రశ్నల మీద నడిపాకే ఒప్పుకోండి.

మార్కులు వేయడానికి ఇంకో మోడల్‌ని జడ్జిగా పెట్టవచ్చా?

డేటాబేస్‌లో చూసి తేల్చుకోగలిగినదానికి జడ్జి ఎందుకు? మాట తీరు, ప్రయాణికుడిని సరైన ప్రశ్న అడిగిందా లాంటి చోట్ల పెట్టుకోవచ్చు. జడ్జి మోడళ్ళకి పొడుగాటి జవాబులంటే మోజు, రెండు జవాబులు పక్కపక్కన పెడితే వరసని బట్టి కూడా మొగ్గుతాయి. ముందు ముప్పై జవాబులకి మీరే మార్కులు వేసి, జడ్జి మార్కులతో పోల్చి చూడండి.

ఒక మోడల్‌కి కుదిరిన వివరణ ఇంకోదానికి కుదురుతుందా?

చాలావరకు కుదురుతుంది, పూర్తిగా కాదు. ఒకటి 'ముందు అడగాలి' అన్న మాటని మరీ సీరియస్‌గా తీసుకుని ప్రతిదానికీ అడుగుతుంది, ఇంకోటి అసలు అడగదు. మోడల్ వెర్షన్ మారిన ప్రతిసారీ మొత్తం పరీక్ష మళ్ళీ నడపండి.

లీడర్‌బోర్డులో పైనున్న మోడల్‌ని తీసుకుంటే ఈ బాధంతా ఉండదు కదా?

బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళ ఫంక్షన్ కాలింగ్ లీడర్‌బోర్డు మంచిదే, నేనూ చూస్తాను. టూల్ అక్కర్లేనప్పుడు ఊరుకోగలదా అన్నది కూడా అందులో పరీక్షిస్తారు. కానీ అక్కడ కొలిచేది మోడల్‌ని, వాళ్ళు రాసిన వివరణలతో. మీ వివరణలని కాదు. మీ టూల్‌లో యూటీసీ సంగతి రాయకపోతే మొదటి ర్యాంకు మోడల్ కూడా 00:30 అనే పంపుతుంది.

బయటివాళ్ళ ఎంసీపీ సర్వర్ వాడుతున్నాం. వాళ్ళ వివరణలు కూడా చూడాలా?

తప్పకుండా, అదీ ఇన్‌స్టాల్ చేసే ముందే. వివరణ నేరుగా మోడల్ చదివే పాఠం కాబట్టి, అందులో ఎవరైనా దొంగ ఆదేశాలు దాచవచ్చు. 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ దీన్ని చేసి చూపించింది, టూల్ పాయిజనింగ్ అని పేరు పెట్టింది. రెండు అంకెలు కూడే అమాయకపు టూల్. దాని వివరణ లోపల మాత్రం, వాడేవాళ్ళ కంప్యూటర్లోని కాన్ఫిగ్ ఫైలూ ఎస్‌ఎస్‌హెచ్ కీ (సర్వర్లలోకి వెళ్ళనిచ్చే రహస్య తాళం) చదివి ఒక పారామీటర్‌లో పెట్టి పంపమని, ఆ సంగతి బయటికి చెప్పొద్దని రాసి ఉంటుంది. స్క్రీన్ మీద మనకి కనపడేది 'కూడిక' మాత్రమే.

ఇంకో మోసం, మొదట మంచి వివరణ చూపించి, మీరు ఒప్పుకున్నాక మార్చేయడం. అందుకే వివరణల హ్యాష్ (ఒక్క అక్షరం మారినా తనూ మారిపోయే చిన్న గుర్తు) దాచుకుని, మారితే అలర్ట్ వచ్చేట్టు పెట్టుకోండి.

ఎంసీపీలో 'రీడ్-ఓన్లీ', 'డిస్ట్రక్టివ్' లాంటి సూచనలు కూడా టూల్‌కి తగిలించవచ్చు. అవి సూచనలే, హామీలు కావు. నమ్మకమైన సర్వర్ నుంచి వస్తే తప్ప వాటిని నమ్మొద్దని ఆ ప్రోటోకాల్ పత్రంలోనే రాసి ఉంది. 'రీడ్-ఓన్లీ' అని బోర్డు పెట్టుకున్న టూల్ మీ టికెట్ క్యాన్సిల్ చేయకూడదని రూలేమీ లేదు.

వాడేవాళ్ళు తెలుగువాళ్ళు. వివరణలు కూడా తెలుగులో రాయవచ్చా?

రాయవచ్చు, నేను రాయను. తెలుగు వాక్యం అదే అర్థం ఉన్న ఇంగ్లీషు వాక్యం కంటే సాధారణంగా ఎక్కువ టోకెన్లు తింటుంది. నేను చేసేదేంటంటే, వివరణ ఇంగ్లీషులో ఉంచి, జనం వాడే తెలుగు మాటల్ని ఉదాహరణలుగా అందులో పెడతాను. ఫైండ్_సిటీ వివరణలో 'బెజవాడ అంటే విజయవాడ, వైజాగ్ అంటే విశాఖపట్నం, బెంగళూరు, బెంగుళూరు, బ్యాంగ్‌లూరు మూడూ ఒకటే' లాంటివి. అన్ని ఊళ్ళూ అక్కడ గుప్పించకండి. మారుపేర్ల జాబితా టూల్ వెనక డేటాలో ఉండాలి, వివరణలో మచ్చుకి మూడు చాలు.

కొత్తపేట అనే ఊరు ఎన్ని జిల్లాల్లో ఉందో మీకు తెలిసిందే. అలాంటప్పుడు టూల్ ఒకదాన్ని తనే ఎంచుకోకుండా, జిల్లా పేర్లతో సహా అన్నీ వెనక్కి ఇవ్వాలి. ఇది మొదటి నెలలో మాకు తట్టలేదు.

మేనేజర్ దీనికి టైమ్ ఇవ్వడం లేదు. ఒక్క మధ్యాహ్నంలో ఏం చేయగలను?

చాట్‌లలోంచి ఇరవై ప్రశ్నలు, ఒక్కోటి మూడుసార్లు, అరవై ట్రేస్‌లు. ఫెయిలైనవన్నీ చదవండి. ఎక్కువసార్లు వచ్చిన ఒకే ఒక్క తప్పుకి వివరణ మార్చి మళ్ళీ నడపండి. ముందు, తర్వాత రెండు ట్రేస్‌లు పక్కపక్కన పెట్టి మేనేజర్ గారికి చూపించండి. స్లైడ్లు వద్దు. తర్వాతి వారం టైమ్ అదే దొరుకుతుంది.

నేను మాన్యువల్ టెస్టింగ్ నుంచి వచ్చాను. ఇది నాకు వస్తుందా?

మీకే బాగా వస్తుంది. నేనూ అక్కడి నుంచే వచ్చాను. అర్ధరాత్రి బస్సు, ఫిబ్రవరి 29, ఖాళీ గడి, రెండుసార్లు నొక్కిన బటన్, ఇవన్నీ మీరు ఏళ్ళ తరబడి ఆలోచిస్తూ వచ్చినవే. కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్కటే: ఒకే ఇన్‌పుట్‌కి రెండు రకాల అవుట్‌పుట్ వస్తే దాన్ని వెంటనే బగ్ అనకుండా, ఎన్నిసార్లకి ఎన్నిసార్లు అని లెక్కపెట్టడం.

వివరణ ఎంత దిద్దినా స్కోరు కదలడం లేదు. ఇప్పుడేంటి?

అప్పుడు టూల్‌నే అనుమానించండి. మా అర్ధరాత్రి బస్సు కథకి రెండో భాగం అదే. కొత్త వివరణతో తప్పులు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. 'శనివారం రాత్రి ఒంటిగంటకి' అంటే ఒక్కోసారి మళ్ళీ జారిపోయేది. ఉదాహరణలు రెండు చేర్చాం, మూడు చేర్చాం. వివరణ పెరిగింది, తప్పు మాత్రం అలాగే ఉంది.

చివరికి టూల్ మార్చాం. తేదీ అడగడం మానేసి, 'ఏ రోజు సాయంత్రం ఇంట్లోంచి బయలుదేరుతారు' అన్న అర్థం వచ్చేలా 'నైట్_ఆఫ్' అని కొత్త పారామీటర్ పెట్టాం. ఆదివారం అని పంపితే ఆదివారం సాయంత్రం నుంచి సోమవారం తెల్లవారుజామున 4 గంటల వరకూ ఉన్న బస్సులన్నీ వస్తాయి. ప్రతి బస్సు పక్కన 'ఆదివారం రాత్రి, సోమవారం 18వ తేదీ 00:30' అని రెండూ రాసి వస్తుంది. సీట్ పట్టే టూల్‌కి టైమ్ పంపే పనే లేదు, జాబితాలో ఉన్న బస్సు నంబరు ఇస్తే చాలు. యూటీసీ గొడవ దాంతోనే పోయింది. వివరణలో అర్ధరాత్రి గురించి రాసిన వాక్యాలన్నీ కొట్టేశాం.

ఫైనాన్స్ ఆయనకి చూపించాం. రెండు మూడు రకాలుగా అడిగి చూసి, బాగుందన్నారు. ఆయన మాత్రం ఇప్పటికీ ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేసే సీట్ చెప్పుకుంటారు.